పది మంది గీసిన మేక

రెడీమేడ్ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో బతుకంతా గడిపినదాన్ని. రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నాక నన్ను చూడడానికి వచ్చే ఆడపిల్లలు టార్గెట్ల గురించి అడగరు, మిషన్ల గురించి అడగరు. ఒక్కటే అడుగుతారు. ఆ మేక ఆట ఎట్లా ఆడేది, ఆ మేక వల్లనే నీ సూపర్‌వైజర్ కోటు పోయిందంట కదా, అని. ఎవరు పుట్టించారో ఈ మాట! నా కోటు పోలేదు. నేనే తీసి ఇచ్చాను. పోవడానికీ ఇవ్వడానికీ ఎంత తేడా ఉందో మీకు అర్థం కావాలంటే ముందు ఆట నేర్చుకోవాలి. నేర్పుతాను, వినండి.

ఒక కాగితం ముక్క, ఒక పెన్సిల్ ఉంటే చాలు. ఒకరు మనసులో ఒక మాట అనుకుంటారు. ఆ మాటలో ఎన్ని అక్షరాలుంటే కాగితం మీద అన్ని అడ్డగీతలు గీస్తారు. పక్కన ఒక ఆనవాలు రాస్తారు. చేలో పండేది అనో, వంటింట్లో ఉండేది అనో, ఏదో ఒకటి. మిగిలినవాళ్లు వంతుల ప్రకారం తలా ఒక అక్షరం అడగాలి. ఆ అక్షరం మాటలో ఉంటే దాని గీత మీద రాస్తారు.

'అలసందలు' అనుకోండి. ఐదు గీతలు. ఎవరో 'ల' అడిగారు. అప్పుడు రెండో గీత మీద 'ల', చివరి గీత మీద 'లు', రెండూ రాసేయాలి. మా ఆటలో తల్లి అక్షరం అడిగితే పిల్లలన్నీ దాని వెంట వచ్చేస్తాయి. ప్రతి గుణింతాన్నీ విడిగా అడగాలని పట్టుబడితే ఒక మాట తెలిసేలోపల షిఫ్టు ముగిసిపోతుంది. ఆట తెలిసినవాళ్లు ముందు ల, ర, న, డ అడుగుతారు. మన మాటల్లో సగం వాటి మీదే నడుస్తాయి. పెద్ద మాట వచ్చిందని బెదిరిపోకండి, పెద్ద మాటలో ఎక్కడో ఒకచోట చెయ్యి తగులుతుంది. మనల్ని ముంచేది చిన్న మాటే.

అడిగిన అక్షరం మాటలో లేకపోతే దాన్ని కాగితం అడుగున రాసి, మేక బొమ్మలో ఒక గీత వేయాలి. మొదట వీపు. తర్వాత పొట్ట. తర్వాత ఒకటొకటిగా నాలుగు కాళ్లు. తోక, తల, కొమ్ములు. ఆఖరున గడ్డం. పది తప్పులకు మేక నిండుగా తయారవుతుంది. తయారైన మేక ఊరుకుంటుందా? చేలో పడి మేసేస్తుంది. అందరూ ఓడినట్టు. అక్షరం తప్పు అడిగింది ఎవరో ఆ గీత వాళ్లే వేయాలి, ఇంకొకరి చేత వేయించకూడదు. ఈ చివరి నియమం నేను పెట్టింది. నా కోటు కథంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి ఇది మాత్రం మరిచిపోకండి.

ఈ ఆటను నేను మొదట చూసింది మదనపల్లెలో, టైలరింగ్ నేర్చుకునేటప్పుడు. కరెంటు పోతే మా టీచరమ్మ బోర్డు మీద ఇంగ్లీషు మాటలతో ఆడించేది. అందులో మేక లేదు. తప్పు చేసిన కొద్దీ ఉరికంబం ఒకటి, దానికి వేలాడే మనిషి ఒకడు తయారవుతాడు. బొమ్మ పూర్తయితే నవ్వాలంట. మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు. మా వైపు ఎండు ఊళ్లలో ఆ బొమ్మను ఎవరూ సరదాకు గీయరు. తర్వాత పుంగనూరులో నాకు ఫ్యాక్టరీ పని దొరికినప్పుడు ఆటను తెలుగులోకి దించాను, మనిషిని కంబం మీది నుంచి దించేసి మేకను పెట్టాను. మా లైనులో ఉన్న ఆడవాళ్లందరి ఇళ్లలోనూ మేకలో, గొర్రెలో, ఆవులో ఉండేవి. మేకంటే వాళ్లకు కోపమూ ముద్దూ రెండూ ఉన్నాయి.

పుంగనూరులో ఆర్డర్లు తగ్గిపోయాక కుప్పం దగ్గర ఇంకొక ఫ్యాక్టరీకి మారాను. అక్కడ సూపర్‌వైజర్ని చేశారు, నీలం కోటు ఇచ్చారు. చీర మీద ఆ కోటు తొడుక్కున్న మొదటిరోజు అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలుసు. ఎందుకు దాచాలి, ఆ కోటంటే నాకు చాలా ఇష్టం.

ఫ్యాక్టరీలో ఎప్పుడూ అడుగు పెట్టనివాళ్ల కోసం ఒక మాట. అక్కడ చొక్కాను ఎవరూ కుట్టరు. వరసగా మిషన్లు ఉంటాయి. ఒకామె కాలరు మాత్రం కుడుతుంది, ఒకామె చేతి పట్టీ, ఒకామె జేబు, ఒకామె కాజాలు. ముక్కలు ఒక చివర బయలుదేరి చేతులు మారుతూ ఇంకో చివరకు చొక్కా అయ్యి చేరతాయి. దాన్నే లైను అంటారు. అక్కడ మనుషులకు పేర్లు కూడా నిలవవు. కాలరు కుట్టే ఆమె కాలరక్క, కాజాలు వేసే పిల్ల కాజాలమ్మాయి, నేను లైనక్క. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. మాట్లాడితే పని చెడుతుందని మాటలు నిషేధం. సరే, పని నడిచేటప్పుడంటే అర్థం ఉంది. కటింగ్ నుంచి ముక్కలు రాక లైను ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా నోరు మూసుకునే కూర్చోవాలి. ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, చేతులకు పని లేకుండా చేసి, మాట్లాడవద్దంటే అది శిక్ష కాక ఇంకేమిటి?

అందుకే నేను మేకను కుప్పం ఫ్యాక్టరీలో దించాను. గుడ్డ మీద పరిచి కత్తిరించడానికి కటింగ్ వాళ్లు తెల్లటి పెద్ద కాగితం వాడతారు, దాని అంచుముక్కలు ఊరికే పారేస్తారు. వాటిమీద ఆట. కాగితం మిషన్ నుంచి మిషన్‌కు పోతుంది, తలా ఒక అక్షరం రాసి పక్కకు జరుపుతారు. ఉందో లేదో మాట పెట్టినామె తలూపి చెప్తుంది, నోరు విప్పేది లేదు. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతుంటాయి. మా లైనులో తెలుగుతో పాటు తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు. మీ ఇంట్లో రోజూ వాడే మాటయితే ఏ భాషదైనా చెల్లుతుందని చెప్పాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. ముక్కలు రాగానే కాగితం మాయమయ్యేది, మిషన్లు కదిలేవి, మా లైను ఎవరికన్నా వెనకబడలేదు.

ఇప్పుడు ఇద్దరి గురించి చెప్పాలి. కాలరక్క నాతోపాటు పుంగనూరు నుంచి వచ్చిన మనిషి. వయసులో నాకంటే పెద్దది. కాలరు ముక్కు, అంటే దాని కొస, తిప్పడంలో ఆమె చెయ్యి ఆమెదే. నోరు మాత్రం వేపకాయ. రెండోది సదుం నుంచి వచ్చిన ఆమె. లైనులో హెల్పరు, అంటే కుట్టిన ముక్కలకు వేలాడే దారాలు కత్తిరించే పని. గొర్రెలు, మేకలు మేపే ఇంట పుట్టి, అలాంటి ఇంటికే కోడలైంది. మొగుడు పోయాక మందను బావగారు అమ్ముకున్నాడు. నోరెత్తి అడిగితే, తిన్న ఇంటినే అడుగుతావా, పో, పది రోజులకు నువ్వే తిరిగొస్తావు అన్నాడంట. ఊరందరి ముందూ, నేను ఈ గడప మళ్లీ తొక్కితే నన్ను చెప్పుతో కొట్టండి అని చెప్పి కుప్పం బస్సెక్కింది. దారాలు కత్తిరించే ఆ చిన్న పనే ఆమెకు గడప, ఇల్లు, పౌరుషం అన్నీ. అది పోతే తలవంచుకుని ఆ ఇంటికే పోవాలి. ఈ సంగతి లైనులో అందరికీ తెలుసు.

మేకకు గడ్డం పెట్టించింది ఈమే. అంతకుముందు మా మేక కొమ్ములతోనే ఆగిపోయేది. ఈమె చేతికి కాగితం వచ్చిన మొదటిసారే బొమ్మను చూసి మొహం ఇట్లా పెట్టింది.

"ఏందక్కా ఇది? గడ్డం లేకుంటే గొర్రెనుకుంటారు. గొర్రె ఒకపక్క మేసుకుంటా పోతాది. సేను నాశనం సేసేది మేక. గడ్డం పెట్టల్ల."

మేకల్ని సాకిన మనిషి చెప్పాక ఇంక వాదన ఏముంది. అప్పటినుంచి గడ్డం పదో తప్పు అయ్యింది.

ఇది జరిగిన చాలాకాలానికి మా ఫ్లోరుకు కొత్త ప్రొడక్షన్ మేనేజర్ వచ్చాడు. పని రానివాడని అనను, కుట్టు చూసి దారం బిగువు చెప్పగలడు. కానీ అనుమానం మనిషి. ఇద్దరు నవ్వుకుంటే తనను చూసే నవ్వుతున్నారనుకుంటాడు. చప్పుడు కాకుండా వచ్చి మిషన్ల వెనక నిలబడతాడు. ఆయనకొక గడ్డం ఉంది. బుగ్గలు నున్నగా ఉంటాయి, చుబుకం కింద మాత్రం కొసగా, పొందికగా దిగుతుంది. కథ ఎటు పోతుందో మీకు తెలిసిపోయింది కదా. మాకు మాత్రం తెలియలేదు, నిజం. మా మేక గడ్డం ఆయన కంటే ముందే పుట్టింది.

ఆ రోజు భోజనాలకు ముందు ముక్కలు ఆగిపోయాయి. కాలరక్క మాట పెట్టింది. రెండే గీతలు. ఆనవాలు, 'దీనికోసమే అందరం ఇక్కడికి వచ్చేది'. అందరికీ తెలిసిపోయిందనుకున్నాం. జీతం అనుకుని ఒకరు జ అడిగారు, ఇంకొకరు త అడిగారు. లేవు. దుడ్డు అయ్యుంటుందని ద, డ. లేవు. పని అయ్యుంటుందని ప, న. కూలి అనుకుని క, ల. ఏమీ తోచక ఒకరు ర. కాగితం తిరిగి తిరిగి సదుమామె దగ్గరికి వచ్చింది. మేకకు గడ్డం ఒక్కటే తక్కువ. ఆమె చాలాసేపు ఆలోచించి మ అని రాసింది. అదీ లేదు. గడ్డం పెట్టింది. అందరిలాగా ఒక గీత గీకి వదిలేయలేదు. మెత్తగా, వెంట్రుక వెంట్రుకగా, కొస దగ్గర సన్నగా లాగింది. చూసినవాళ్లకు భుజాలు ఊగాయి. ఆలోపల కటింగ్ నుంచి ముక్కలొచ్చాయి. కాగితం ఎవరి చేతిలో నుంచి జారిందో, దారాల బుట్టలో పడింది.

బుట్టలో నుంచి మేనేజర్ చేతిలోకి ఎట్లా పోయిందో ఇప్పటికీ తెలియదు. మరుసటి రోజు అన్నాలు తినగానే మా లైనును మాత్రం క్యాంటీన్‌లో ఆపేశారు. ముందు బల్ల దగ్గర ఆయన, పక్కన హెచ్.ఆర్. అమ్మాయి. బల్ల మీద మా కాగితం, ఎగిరిపోకుండా దానిమీద నీళ్ల గ్లాసు.

ఆయన కాగితాన్ని ఎట్లా చదువుకున్నాడో చెప్తే మీరు నమ్మరు. అడుగున ఉన్న పది అక్షరాలూ పది మంది పేర్ల మొదటి అక్షరాలంట, వాళ్లు ఏదో జట్టు కట్టారంట. పైన ఖాళీగా ఉన్న రెండు గీతలు ఇంకా చేరబోయే ఇద్దరంట. గడ్డం మేక తానేనంట. మేకను ఏం చేస్తారో తనకు తెలుసంట, తనను బలి ఇవ్వాలని మా ఆలోచనంట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఆ మాట అంటూనే గడ్డం తడుముకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు ఆయన మొహం ఎర్రబడింది. ఇంక ఇది నవ్వులాట కాదని నాకు అప్పుడే అర్థమైంది.

"ఈ బొమ్మ ఎవరు గీశారో చెప్పండి. గీసినవాళ్లు ఈరోజే గేటు దాటి వెళ్లిపోతారు. మిగిలినవాళ్ల జోలికి నేను రాను" అన్నాడు.

సదుమామె నా పక్కనే కూర్చుని ఉంది. నేను లేచాను. ఇది ఆట సార్ అని చెప్పాను. గీతలు ఎందుకు, అక్షరాలు ఎందుకు, మేక ఎందుకు, అన్నీ ఇప్పుడు మీకు చెప్పినట్టే చెప్పాను. ముక్కలు రానప్పుడు మాత్రమే ఆడతామని, ఆడమని చెప్పింది నేనేనని కూడా చెప్పాను. ఆయన సగం విన్నాడు. ఆటయితే మరి ఆ ఖాళీల్లో ఏముండాలి, చెప్పు చూద్దాం అన్నాడు. కట్టుకథ అయితే నేను తడబడతానని ఆయన లెక్క.

నాకు ఒళ్లు మండింది.

"ఒగ అక్షరం అడగండి సార్. ఉంటే రాస్తాను. లేకుంటే మేకకు మీరూ ఒగ గీత పెట్టండి."

ఆయన అడగలేదు. అడిగితే ఆటలో కూర్చున్నట్టవుతుంది కదా. చివరకు కాలరక్క కూర్చున్నచోటు నుంచే, పక్కింటామెతో చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"బువ్వ, సార్. బువ్వ. దానికే కదా అందరం వచ్చేది."

హెచ్.ఆర్. అమ్మాయి దగ్గు వచ్చినట్టు తల పక్కకు తిప్పుకుంది. అక్కడితో ఆయన కాగితం చించేసి పొమ్మంటే పోయేది. కానీ అంతమంది ఆడవాళ్ల ముందు తగ్గడం ఎట్లా? సరే, ఆటే అనుకుందాం, పని వేళలో మేనేజర్ను మేకగా గీసింది ఎవరు, అది చెప్పు అన్నాడు.

"పది మంది గీసినారు సార్. వీపు ఒగరు, పొట్ట ఒగరు, కాళ్లు నలుగురు. మేకను గీసిన మనిషి లేదు" అన్నాను.

అది నీ తెలివి, బొమ్మంటే ఎవరో ఒకరు గీయకుండా రాదు అన్నాడు. ఆయన తొడుక్కున్న చొక్కా మా ఫ్యాక్టరీదే. కాలరు చూడగానే నాకు తెలుసు, అది ఎవరి చెయ్యో. ఆ సంగతే నోటికొచ్చింది.

"మీరు ఏసుకోనుండే సొక్కా ఎవురు కుట్నారు సార్? కాలరు ఒగరు కుట్నారు. సేతులు ఒగరు, జేబు ఒగరు, కాజాలు ఒగరు. సొక్కా కుట్టిన మనిషి పేరు ఒగటి మీరు సెప్పండి. మేకను గీసిన మనిషి పేరు నేను సెప్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లైనంతా వీపులు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఆయన తన చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది, తలచుకుంటే కడుపు నిండుతుంది.

కానీ ఆయన తెలివి తక్కువవాడు కాదని ముందే చెప్పాను. ఆటను విన్న సగం నుంచే నా మెడకు ఉచ్చు పేనాడు. గ్లాసు పక్కకు పెట్టి, కాగితం చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా అడిగాడు. పది మంది తలా ఒక గీత పెట్టారు, ఒప్పుకున్నాను. తప్పు ఎవరిదో గీత వాళ్లే పెట్టాలన్నావు. అయితే ఈ ఆఖరి గీత, ఈ గడ్డం, ఒక్కరే పెట్టి ఉంటారు. అది ఎవరు?

నా నియమం నాకే తగులుకుంది. లైనులో ఒక్కరూ సదుమామె వైపు తల తిప్పలేదు. తిప్పి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఆమె మాత్రం బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయింది. ఆమెలో పౌరుషం అట్లాంటిది. ఊరందరి ముందు మాట అని బస్సెక్కిన మనిషి ఇంకొకరి వెనక దాక్కుంటుందా? నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి గట్టిగా అదిమాను. ఊరికే ఆసరాకు వేసినట్టు వేశాను, కానీ నా బరువంతా ఆ చేతిలోనే పెట్టాను. లేవలేకపోయింది.

"గడ్డం ఎవురు పెట్నారో నాకు తెలుసు సార్. సెప్పను. లైన్లో ఎవురు ఏం కుడతాండారో సెప్పేది నా పని. అన్నం పెట్టే పని నుంచి ఎవురిని తరమల్లో సెప్పేది నా పని కాదు."

చెప్పకపోతే ఈ కోటు నీ ఒంటి మీద ఉండదు అన్నాడు. ఆయన ఆ మాట అనేసరికే నా చెయ్యి గుండీల దగ్గర ఉంది. ఒక చెయ్యి ఆమె భుజం మీద నుంచి తీయలేదు, రెండో చేత్తోనే విప్పాను. ఒంటి చేత్తో గుండీలు విప్పడం తొందరగా అయ్యే పని కాదు. అందరూ చూస్తూ కూర్చున్నారు. ఆమెకు అటుపక్క కూర్చున్నామె చెయ్యి ఆ భుజం మీదికి వచ్చాక కోటు తీసి మడిచాను, ఇస్త్రీ చెడకుండా మడిచాను, తీసుకెళ్లి ఆ కాగితం పక్కన పెట్టాను. కోటు తీసుకోండి సార్, పేరు మాత్రం ఇయ్యను అన్నాను.

ఆయన తీసుకున్నాడు. ఎవరో ఒకరి మీద దెబ్బ పడితే ఆయన పరువు నిలబడుతుంది, నా మీద పడింది, అంతటితో చల్లబడ్డాడు. పేరు తెలియకుండా ఎవరిని పంపుతాడు? లైనునంతా పంపితే ఆ వారం ఓడకు ఎక్కాల్సిన చొక్కాలు ఆయనే కూర్చుని కుట్టాలి. సాయంత్రం నుంచి నన్ను చొక్కా చేతులు అతికే మిషన్ మీద కూర్చోబెట్టారు. కోటు పోయిందని ఆ రాత్రి ఏడ్చానా అంటే, ఏడ్చాను. ఇష్టమైన వస్తువు కదా. దానికీ పశ్చాత్తాపానికీ సంబంధం లేదు.

బస్సు దగ్గర సదుమామె నన్ను పట్టుకుంది. చేతులు పట్టుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను. కాదు, నామీద కోపంగా ఉంది.

"యాల ఆపినావక్కా? నేను పెట్టిన గడ్డం నేను ఒప్పుకోలేనా? నా బదులు నువ్వు కోటు ఇచ్చేదేంది? ఇపుడు నేను ఆయప్పకు బయపడి నోరు మూసుకున్నట్లే కదా."

"ఒప్పుకుంటే యాడికి పోతావే? సదుం బస్సెక్కుతావా?"

అప్పుడు నేను చెప్పిన మాట ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. మీరు కూడా పట్టుకోండి. నిజం చెప్పొద్దని నేను అనను. నీ చెయ్యి లేకపోతే లైను నిలిచిపోతుందన్న రోజు వస్తుంది, ఆ రోజు చెప్పు. దారాలు కత్తిరించే చేతిని ఎవరైనా ఇంటికి పంపుతారు. కాలరు కుట్టే చేతిని పంపరు.

కాలరక్క రిటైరు కావడానికి ఇంకా కొంతకాలం ఉంది. అన్నాల వేళ ఆమె సగం తిని లేచేది, సదుమామెను మిషన్ మీద కూర్చోబెట్టేది. నేర్పిన పద్ధతి చెప్తే మీరు నవ్వుతారు, అంతా తిట్లే. మేకను తోలినట్టు దారాన్ని తోలతాండావే అని ఒకరోజు, కాలరు ముక్కా అది, నీ బావ ముక్కా అని ఇంకోరోజు. ఈమె పళ్లు బిగపట్టి చెడిపోయిన ముక్కల మీద కుట్టి విప్పి, కుట్టి విప్పి నేర్చుకుంది. కాలరక్క ఇంటికి వెళ్లిపోయిన రోజు ఆ మిషన్ మీద కూర్చునే ధైర్యం ఈమెకు తప్ప ఎవరికీ లేకపోయింది. మేనేజరే ఒప్పుకున్నాడు. పని తెలిసినవాడని అందుకే అన్నాను.

ఇక ఆట. ఆ మరుసటి రోజే ఫ్లోరులో పెన్సిళ్లు నిషేధించారు. సుద్దముక్కతో గుడ్డపీలికల మీద ఆడాం. సుద్దలు లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. మిషన్ బల్ల మీద పడే గుడ్డ నూగులో వేలితో రాసి ఆడాం, చేత్తో తుడిస్తే ఏమీ ఉండదు. నా తర్వాత నీలం కోటు తొడుక్కున్న పిల్ల చిన్నది. కొన్నాళ్లు మమ్మల్ని చూసి భయపడింది, కొన్నాళ్లు చూడనట్టు తిరిగింది, తర్వాత నా వెనక నిలబడి 'ర' అడగక్కా అని గుసగుసలాడింది. ఆట మాత్రం ఒక్కనాడూ ఆగలేదు.

నా చివరి రోజున, షిఫ్టు మధ్యలో, లైను పక్కనే చిన్న మర్యాద చేశారు. శాలువా పట్టుకుని ఆ మేనేజరే వచ్చాడు. గడ్డం నెరిసింది కానీ అదే కొస, అదే పొందిక. ఆ సాయంత్రం లారీ కదలాలి, కాలరు మిషన్ పక్కన ముక్కలు గుట్టగా ఉన్నాయి. తొందరగా ముగించి అందర్నీ కూర్చోబెట్టాలని ఆయన ఆత్రం. అప్పుడు నీలం కోటు పిల్ల ముందుకొచ్చి, లైనక్కకు మా తరఫున ఒకటుంది సార్ అని కటింగ్ కాగితం ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. పెన్సిల్ కూడా ఇచ్చింది, నిషేధించిన పెన్సిల్!

రెండు గీతలు. పక్కన ఆనవాలు, 'దీనికోసమే అందరం ఇక్కడికి వచ్చేది'.

మాట తెలియనిది ఎవరికి? అయినా నేను జ అడిగాను. లేదు అంది కోటు పిల్ల, మొహం ఏమాత్రం మారకుండా. వీపు గీశాను. పక్కామె త అంది, పొట్ట గీసింది. కాగితం మిషన్ల వెంట నడిచింది. ద, డ, ప, న. కాళ్లు నిలబడ్డాయి, తోక ఆడింది. క, ల, ర. అన్నీ ఆనాటి తప్పులే, ఒక్కటి కూడా తప్పకుండా చేశారు. ఆ రోజు లైనులో లేని పిల్లలు కూడా వరస కంఠస్థం చేసి పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది. మేనేజర్ శాలువా రెండు చేతుల మీద పరుచుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆయనకు గుర్తొచ్చిందని కళ్లలోనే తెలుస్తోంది.

కాగితం కాలరు మిషన్ దగ్గరికి వచ్చింది. సదుమామె లేచి నిలబడింది. ఈసారి ఆమె భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. మ అంది. లేదు అన్నారు. కాగితం గోడకు ఆనించి, అందరికీ కనబడేట్టు, గడ్డం పెట్టింది. తొందర పడలేదు. వెంట్రుక వెంట్రుకగా, కొస దగ్గర సన్నగా లాగింది. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని కాగితాన్ని ఆయన వైపు తిప్పింది.

"ఆ పొద్దు గడ్డం పెట్నది నేనే సార్. ఈ పొద్దూ నేనే."

ఆయన కాగితం చూశాడు. ఆమెను చూశాడు. కాలరు ముక్కల గుట్ట వైపు చూశాడు. శాలువా నా భుజాల మీద కప్పాడు. ఆమె మిషన్ ఆయన వెనక ఉంది, దారికి ఆయన అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆమె తొలగమని అడగలేదు, పక్కనుంచి దూరి పోనూ లేదు. ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయనే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.